ఇల్లాలి పేర నొక పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభ, బాన్సువాడ: ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సమయమున గ్రంథాలయము యొక్క ఆదాయవ్యయములను చదివి వినిపించుట ఆచారము. ఎన్ని గ్రంథములు చేరినవి, ఎందరు చందాదారులైరి, ఎన్ని పుస్తకములు ఇండ్లకు వెళ్లి తిరిగివచ్చినవి, ఎన్ని చెదపురుగుల పాలైనవి, ఇవన్నియు లెక్కకు వచ్చును. లెక్కకు రానిది యొకటి గలదు. పుస్తకము ఇంటి యజమాని పేర రిజిస్టరులో వ్రాయబడి యింటికి పోవును. అచ్చట దానిని చదివినది ఎవరు? చదువగోరియు తీరిక లేక అటక మీద పెట్టినది ఎవరు? గడువు తీరినదని పిల్లవానిచేత తిరిగి పంపినది ఎవరు? ఆ సంగతి ఏ రిజిస్టరులోను ఉండదు. నేటి ప్రసంగము ఆ వ్రాయని పద్దును గూర్చినది. అనగా గృహిణిని గూర్చియు, ఆమె స్వాతంత్ర్యమును గూర్చియు.

స్వాతంత్ర్యమను మాట గృహిణితో కలిపి పలికినంతనే కొందరు పెద్దలు బొమలు ముడుచుట కద్దు. సంసారము చెడునని వారి భయము. ఆ భయమునకు మూలము పదమును సరిగా విడదీయకపోవుట. తనకు తోచినట్లు తిరుగుట స్వైరత. తన్ను తాను నడుపుకొనుట స్వతంత్రత. మొదటిదానికి బాధ్యత లేదు. రెండవదానికి బాధ్యతయే ప్రాణము. ఈ భేదమును మనసున నుంచుకొని ముందుకు సాగుదము.

మన పురాణేతిహాసములు ఈ విషయమున ఏమి చెప్పుచున్నవి? వ్యాసభారతము అరణ్యపర్వమున ద్రౌపదీ సత్యభామా సంవాదము గలదు. భర్తలను వశపరచుకొను మందుమంత్రములు ఏవని సత్యభామ అడుగగా, ద్రౌపది అట్టివానిని గర్హించి, తాను ఇంద్రప్రస్థమున చేసిన పనిని వివరించును. పాండవుల ఆదాయ మెంత, వ్యయ మెంత, కోశమున నున్న దెంత, ఈ మూడును తాను ఒక్కతెయే ఎరుగుదునని ఆమె చెప్పును. దాసదాసీ జనము యొక్క పేర్లును, వారు చేసిన పనియు, చేయని పనియు ఆమెకు తెలియును. అంత పెద్ద సామ్రాజ్యమునకు నేటి భాషలో చెప్పవలెనన్న ప్రధాన గణకురాలు ఆమెయే.

అంతకు ముందు సభాపర్వమున జరిగినది ఏమి? ఆ కోశమునంతయు ధర్మరాజు జూదమున ఒడ్డి ఓడెను. పిదప తమ్ములను, తన్నును, కడపట లెక్కలు వ్రాసిన ఆమెనే ఒడ్డి ఓడెను. అప్పుడు ద్రౌపది సభను అడిగినది ఏడుపు మాట కాదు, వ్యవహారపు మాట: ముందు తన్ను ఓడినవానికి నన్ను ఒడ్డు హక్కు ఎక్కడిది? భీష్మునంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. లెక్క ఆమె చేతిలో నున్నది, సొత్తుపై మాట ఆమెకు లేదు. భారతమున మనము గుర్తింపవలసిన చిక్కు ఇదియే.

ధర్మశాస్త్రములందును ఇదే చిక్కు. మనువు స్త్రీకి స్వాతంత్ర్యము తగదనెను. ఆ మాట అందరును ఎరిగినదే. అదే మనువు తొమ్మిదవ అధ్యాయమున ధనమును కూడబెట్టుటయందును, వ్యయము చేయుటయందును భార్యను నియోగింపవలెనని విధించెను. ఎనిమిదవ అధ్యాయమున భార్యయు, పుత్రుడును, దాసుడును ధనహీనులనియు, వారు ఆర్జించినది యజమానిదనియు చెప్పెను. మూడు మాటలను పక్కపక్కన పెట్టి చూడుడు. గణకుని పని ఇచ్చినారు. పట్టా మాత్రము ఇయ్యలేదు.

అయితే మన పూర్వులందరును ఒకే త్రోవన నడచిరనుట సరికాదు. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను. ఆ కల్యాణి పరదేశము కాదు, మంజీర ప్రవహించు బీదరు సీమలోనిదే. స్త్రీ వారసత్వముగా పొందినదియు, కొన్నదియు, పంపకమున వచ్చినదియు స్త్రీధనమేయని ఆయన విశాలముగా అర్థము చెప్పెను. పదమూడవ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములలోనికి దింపి విజ్ఞానేశ్వరీయమని పేరిడెను. న్యాయము గ్రంథమునందున్నను, దానిని చదువు నేర్పు స్త్రీలకు లేకపోయెను. చదువనిదే హక్కు ఉన్నదని తెలియదు. తెలియనిది అడుగుట ఎట్లు? ఇచ్చటనే అక్షరము యొక్క అవసరము కనబడుచున్నది.

ఆంగ్లేయుల పాలనలో 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టము వచ్చినది. భార్య ఆర్జనము ఆమె సొంతమని అది చెప్పినది. కాని హిందువులకును, మహమ్మదీయులకును, బౌద్ధ, సిక్కు, జైన మతస్థులకును వర్తింపదని అందే వ్రాసిరి. అనగా ఈ దేశపు గృహిణులలో అత్యధికులకు ఆ తలుపు తెరచినట్లే తెరచి మూసిరి.

ఆ 1874లోనే నాటి కృష్ణాజిల్లా నందిగామ ప్రాంతమున ఒక బాలిక జన్మించినది. ఆమెయే భండారు అచ్చమాంబ. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమాంబ. చిన్నతనముననే తండ్రి గతించెను. పదియేండ్ల ప్రాయమున ఆమెను భండారు మాధవరావునకు ద్వితీయ భార్యగా ఇచ్చి వివాహము చేసిరి. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. అత్తవారింటికి వెళ్లునాటికి ఆమెకు చదువు రాదు. చుట్టును పరభాష, తెలుగు మాట వినబడని ఊళ్లు, పగలంతయు ఇంటిపని. నలువది యేండ్ల సంసారమును ముందున పెట్టుకొని, నాలుగు గోడల నడుమ కూర్చుండవలసిన స్థితి అది.

ఆ యింటికి ఆమె తమ్ముడు లక్ష్మణరావు చదువుకొనుటకై వచ్చి చేరెను. బడిలో తాను నేర్చినదానిని అక్కకు నేర్పెను. తెలుగుతో ప్రారంభించి హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, ఆంగ్లభాషలలోనికి ఆమె ప్రవేశించినది; సంస్కృతము కొంత అభ్యసించినది. ఆమెకు పాఠశాల లేదు, పరీక్ష లేదు, పట్టము లేదు. ఇల్లే పాఠశాల, తనకంటె చిన్నవాడైన తమ్ముడే గురువు.

కన్న కొడుకును, కూతురును బాల్యముననే పోగొట్టుకొన్న తల్లి ఆమె. అట్టి దుఃఖము పడిన స్త్రీలు మన ఊళ్లలో ఎందరో గలరు. పెక్కుమంది ఆ దుఃఖముతోనే జీవితము ముగించిరి. అచ్చమాంబ అనాథలైన పిల్లలను ఇంట నుంచుకొని పోషించి చదువు చెప్పినది, కలము పట్టినది. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు, వివేకము లేనివారు, చదువుకొన్న చెడిపోవుదురు అను వాదములకు ఆమె కోపముతో సమాధానము చెప్పలేదు, సాక్ష్యముతో చెప్పినది. అనేక భాషల గ్రంథములను పరిశీలించి, దేశచరిత్రలో పేరెన్నికగన్న స్త్రీల చరిత్రలను వ్రాసినది. అదియే అబలా సచ్చరిత్ర రత్నమాల. కందుకూరి వీరేశలింగము పంతులు నడిపిన చింతామణి పత్రికలో అది ప్రకటింపబడి, 1901లో గ్రంథరూపమున వెలువడినది. వేదపురాణకాలపు స్త్రీలను, తుదకు విదేశీయ వనితలను గూర్చియు వ్రాయవలెనని ఆమె సంకల్పము. ఆయువు చాలలేదు.

ఆమె కథలును వ్రాసినది. 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడిన ధనత్రయోదశి అట్టిది. పండుగ ముంగిట పేదరికముచే దారితప్పబోయిన భర్తను నీతిమార్గమున నిలిపిన ఇల్లాలి కథ అది. గురజాడవారి దిద్దుబాటు 1910 నాటిది. తెలుగు కథకు ఆదిలో ఎవరి పేరు వ్రాయవలెనను చర్చలో ఈ గృహిణి పేరు నేడు గౌరవముతో వినబడుచున్నది.

1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును ఆమె స్థాపించినది. ఆంధ్రదేశమున సంచరించి స్త్రీసమాజములను నెలకొల్పుటకు ప్రోత్సహించినది. 1905 జనవరిలో, ముప్పది యేండ్ల ప్రాయమున, ప్లేగు వ్యాధికి గురియై మరణించినది. పదియేండ్ల వయసున ఓనమాలు రాని బాలిక ముప్పదియవ యేట మరణించునాటికి చేసిన పని ఇది.

సభాసదులు గమనింపవలసిన విశేష మొకటి గలదు. అక్క గ్రంథము వెలువడిన ఆ 1901లోనే, సెప్టెంబరు 1న, హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. దానిని స్థాపించినవారిలో ముఖ్యుడు ఆ తమ్ముడే, కొమర్రాజు లక్ష్మణరావు. ఆయనకు తోడైనవారిలో రావిచెట్టు రంగారావు ఒకరు. రంగారావు గతించిన పిదప ఆయన ధర్మపత్ని లక్ష్మీనరసమ్మ ఆ నిలయమునకు సొంత భవనమునకై విరాళ మిచ్చినది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. నిజాం రాష్ట్రమున తెలుగు చదువుటయే గగనమైన దినములలో పుట్టిన ఆ దీపములనుండియే ఊరూర దీపములు వెలిగినవి. ఈ రజతోత్సవమున వెలిగించిన దీపమును ఆ వరుసలోనిదే. అనగా తెలంగాణ గ్రంథాలయముల పుట్టుకలో ఒక యింటి వంటగది ప్రక్కన అక్కాతమ్ముల నడుమ జరిగిన పాఠమునకు చోటు గలదు. తమ్మునిచేత చదువు నేర్చిన అక్క లేకున్నచో, చదువు అందరిదను మాట ఆ తమ్మునికి అంత గాఢముగా నాటుకొనెడిదా?

పిదప 1930లో జోగిపేటయందు నిజామాంధ్ర మహాసభ మొదలైనపుడు దానితోబాటు మహిళాసభయు జరిగినది. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించినది. 1937లో నిజామాబాదునందు మహాసభ సమావేశమైనపుడు మహిళాసభకు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షురాలు. ఆ సభ మనకు దూరమున జరిగినది కాదు. మన తాతముత్తాతల కాలమున, నాటి మన జిల్లాకేంద్రమున, స్త్రీలు వేదిక నెక్కి స్త్రీవిద్యను గూర్చి మాట్లాడిరి. కావున ఈ మాట ఈ నేలకు కొత్తది కాదు, పరాయిదియు కాదు.

ఇప్పుడు సముద్రముల కావలి సంగతి కొంత చూతము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో పట్టణముల వెలుపల కొత్త కాలనీలు వేలకొలది యిండ్లతో వెలసినవి. 1947లో న్యూయార్కు సమీపమున మొదలైన లెవిట్‌టౌన్ వానిలో ప్రసిద్ధము. ఒకే మచ్చున కట్టిన యిండ్లు, ముంగిట పచ్చిక, వంటగదిలో విద్యుత్పొయ్యి, బట్టలుతుకు యంత్రము. యుద్ధకాలమున కర్మాగారములలో పనిచేసిన స్త్రీలు అనేకులు ఇండ్లకు మరలిరి. చూచువారికి ఆ గృహిణికి కొదువ ఏమియు కానరాదు.

బెట్టీ ఫ్రీడన్ అను నామె అట్టి గృహిణియే, రచయిత్రియు. 1957లో తనతోబాటు కళాశాలలో చదివి పదునైదేండ్లు గడచిన స్నేహితురాండ్రకు ఒక ప్రశ్నావళిని పంపినది. చదువుకొన్న వారు, సంపన్నులు, సంసారమున సుఖముగా నున్నవారు; అయినను వారి సమాధానములలో పేరు పెట్టరాని వెలితి యొకటి ఆమెకు కనబడినది. ఆ పరిశీలనము 1963లో గ్రంథమై దేశమును కదిలించినది. యంత్రములు వచ్చినను ఇంటిపని తగ్గలేదని రూత్ కోవన్ అను చరిత్రకారిణి 1983లో వెలువడిన తన గ్రంథమున నిరూపించినది. యంత్రము వచ్చినపుడు శుభ్రతకు కొలత పెరిగినది. వెనుక చాకలియు, పనిమనిషియు, ఇంటివారును పంచుకొన్న పని ఒక్క ఇల్లాలిపై పడినది. మరియొక సంగతి: ఆ ధనిక దేశమునందును 1974లో ఋణవిషయమున సమానత చట్టము వచ్చువరకు వివాహిత తన పేర అప్పు కోరినచో, భర్త సంతకము తెమ్మని అడుగు బ్యాంకులు అనేకము.

మన గ్రామములకు మరలుదము. నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలలో గృహిణి అనగా పెక్కు ఇండ్లలో బీడీలు చుట్టు స్త్రీ. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, చేట ఒడిలో పెట్టుకొని కూర్చుండును. తునికాకును తడిపి, కొలతకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, మడిచి, దారము కట్టును. ఇరువదియైదు బీడీలకు ఒక కట్ట. నలువది కట్టలకు వేయి. వేయింటికి ఇంత అని కూలి. నడుము వంగినది, కన్నులు మసకబారినవి, పొగాకు దుమ్ము గొంతున పట్టినది. కాని ఆమె సంపాదించినది. 1966లో బీడీ కార్మికుల పని పరిస్థితులను గూర్చిన చట్టమును, 1976లో వారి సంక్షేమనిధి చట్టమును వచ్చిన పిమ్మట గుర్తింపు కార్డులును, భవిష్యనిధి పద్దులును వచ్చినవి. అనేక గృహిణులకు తమ పేర వ్రాయబడిన మొదటి కాగితము ఆ కార్డే కావచ్చును. ఆపై 1982లో మొదలైన డ్వాక్రా పథకమును, దాని వెనుక వచ్చిన పొదుపు సంఘములును స్త్రీల చేతికి బ్యాంకు పుస్తకము నిచ్చినవి.

చట్టమును కొంత కదలినది. 1956 హిందూ వారసత్వ చట్టము స్త్రీ పొందిన ఆస్తికి ఆమెను సంపూర్ణ యజమానురాలిని చేసినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణచే 1985 నుండి కుమార్తెకు పిత్రార్జితమున కుమారునితో సమముగా హక్కు వచ్చినది. కాని అప్పటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. 2005లో కేంద్రశాసనము దేశమంతటికి ఆ హక్కును విస్తరింపజేసినది. ఆ హక్కు జన్మతో వచ్చునదని 2020లో సర్వోన్నత న్యాయస్థానము స్పష్టపరచినది. విజ్ఞానేశ్వరుడు స్త్రీధనమునకు విశాలముగా చెప్పిన అర్థమునకు ఈనాటి చట్టము ఎంతో చేరువయైనది. తొమ్మిది శతాబ్దములు పట్టినది!

ఇప్పుడు ముగ్గురు గృహిణులను ఒకే పుటలో మూడు వరుసలుగా వ్రాసి చూతము. అమెరికా గృహిణికి చదువు గలదు, సౌఖ్యము గలదు. తన పేర ధనము లేదు, ఇంటికి వెలుపల తన బుద్ధికి పని లేదు. బీడీల గృహిణికి ఆర్జనము గలదు. చదువును తీరికయును లేవు, వచ్చిన కూలిపై మాటయు అన్ని ఇండ్లలో ఆమెది కాదు. అచ్చమాంబకు మొదట ఏమియు లేదు. చదువు సంపాదించి, ఆ చదువుతో ఇంటికి వెలుపలి లోకమునకు తాను చేయవలసిన పనిని కనుగొనినది. ఆమె ఇల్లు విడువలేదు, ఎవరితోను తగవు పెట్టుకొనలేదు. అయినను ఆమె తన్ను తాను నడుపుకొన్న స్త్రీ.

ఈ పోలికలో న్యాయము తప్పరాదు. అచ్చమాంబ ఉద్యోగి భార్య; కూటికి వెదుకులాట లేదు. నేర్పుటకు తమ్ముడు దొరికెను. రోజుకు వేయి బీడీలు చుట్టు తల్లితో అచ్చమాంబను చూచి నేర్చుకొమ్మనుట తేలిక. ఆమెకు ఆ ఘడియ ఎక్కడనుండి వచ్చునో చెప్పుట కష్టము. ఉపదేశము చేయువారు పెక్కండ్రు ఈ కష్టమును దాటవేయుదురు. దాటవేయరాదు. స్వాతంత్ర్యమునకు మూడు వస్తువులు కావలెను: అక్షరము, తన పేర ధనము, తనదైన ఘడియ. ఈ మూడింట ఘడియయే మిక్కిలి ప్రియమైనది. ధనమును ప్రభుత్వము ఇయ్యగలదు. అక్షరమును బడి నేర్పగలదు. ఘడియను మాత్రము ఇంటివారే ఇయ్యవలెను.

ఈ మాట ఊహ కాదు. 2019లో కేంద్రప్రభుత్వ గణాంకశాఖ దేశమున కాలవినియోగమును లెక్కించినది. జీతము లేని ఇంటిపనిలో నాడు పాల్గొనిన స్త్రీలు నూటికి 81 మంది; పురుషులు నూటికి 26 మంది. పాల్గొన్న స్త్రీ రోజుకు 299 నిమిషములు ఆ పని చేయగా, పాల్గొన్న పురుషుడు 97 నిమిషములు చేసెను. ఐదు గంటలకు ఒక్క నిమిషము తక్కువ! నెలకు నూటయేబది గంటలు. ఇంత పనిని ఏ జమాబందీలోను జమకట్టినవారు లేరు. పంట పండినదన్న గింజలను కొలుతుము. ఆ పంట కోసినవారికి అన్నము వండిన చేతులను కొలువము.

కొందరడుగుదురు: ఇల్లాలు చదువునకును, సభలకును అలవాటుపడిన ఇంటి గతి ఏమి? దీనికి ద్రౌపదియే సమాధానము. అంత లెక్క తెలిసినది గనుకనే ఆమె ఆ ప్రశ్న అడుగగలిగినది. ఆ ప్రశ్న అడుగ ధైర్యము గలది గనుకనే పిదప ధృతరాష్ట్రుని నుండి వరములు పొంది భర్తలను దాస్యమునుండి విడిపింపగలిగినది. సంసారమును జూదములో పోగొట్టినది స్త్రీ స్వాతంత్ర్యము కాదు. ఆమె మాటను ముందుగా అడుగకపోవుట. ఊరిలో తాకట్టుపడిన పొలములను లెక్కించి చూడుడు. భార్యను అడిగి చేసిన అప్పులు ఎన్ని, అడుగక చేసినవి ఎన్ని? తెలిసినవారు తమ మనసులలోనే సమాధానము చెప్పుకొందురు గాక.

మరికొందరు చదువులేనివారును సుఖముగా నున్నారుగదా యందురు. సుఖముగా నుండుట వేరు, గత్యంతరము లేక యూరకుండుట వేరు. అమెరికా గృహిణి కథ ఇచ్చటనే పనికి వచ్చును. అన్ని సౌఖ్యములు అమర్చినను మనిషి బుద్ధి ఆకలిగొనును. ఆ ఆకలికి అన్నము పెట్టు చోటు గ్రంథాలయము.

కావున ఈ రజతోత్సవ శుభసమయమున గ్రంథాలయ పాలకవర్గమునకును, చందాదారులకును విన్నపములు నాలుగు.

మొదటిది, గృహిణిని ఆమె పేరనే సభ్యురాలిని చేయవలెను. ఫలానావారి భార్య యని కాదు; ఆమెకు పెట్టిన పేర, ఆమె చేవ్రాలుతో. అక్షరము రానివారికి ఆ చేవ్రాలు నేర్పుటయే గ్రంథాలయము చేయు మొదటి సేవ. చందా స్వల్పము; పద్దు మాత్రము మిక్కిలి పెద్దది.

రెండవది, స్త్రీలకు వీలగు వేళను వారినే అడిగి నిర్ణయింపవలెను. పురుషులు పనులు ముగించి వచ్చు సాయంకాలమే ఇల్లాలికి పొయ్యి వెలిగించు వేళ. వారమున ఒకటి రెండు దినములైనను మధ్యాహ్నము తలుపు తెరచి, ఆ వేళ వారికే కేటాయించిన గ్రంథాలయమునకు ఖర్చేమియు పెరుగదు.

మూడవది, రాలేనివారికి పుస్తకమే వెళ్లవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథములను పెట్టించి కాలువగట్ల ఊళ్లకు పంపిరి. మనకు పడవలు లేవు, సైకిళ్లు గలవు. బీడీలు చుట్టు వాడకట్టులో ఒకరు చేట ప్రక్కన కూర్చుండి గ్రంథమును బిగ్గరగా చదివినచో, చేతులు పనిలోనున్నను చెవులు ఖాళీగా ఉండునుగదా! మన తల్లులు భారత భాగవతములను విని నేర్చినది ఆ విధముననే. బతుకమ్మ పాటలను గంటలకొలది తప్పులేక పాడువారికి జ్ఞాపకశక్తి లేదనువా రెవరు?

నాలుగవ విన్నపము గ్రంథాలయమునకు కాదు, పురుషులకు. రోజునకు ఒక ఘడియ ఇంటిపనిని మీరు మోయుడు. నీరు తోడుట, పిల్లవానిని కూర్చుండబెట్టి చదివించుట, కంచములు కడుగుట. ఇందు అవమానము లేదు. నలమహారాజు వంట చేసెను. భీముడు విరాటుని కొలువున వంటవాడై యుండెను. వారి పౌరుషమునకు లోటు వచ్చినదని ఏ కవియు చెప్పలేదు. ఆ ఒక్క ఘడియ ఇచ్చిన, ఆమెకు నెలకు పండ్రెండు గంటలు మిగులును. అచ్చమాంబ ఆరు భాషలు నేర్చినది అట్టి ఘడియలను కూడబెట్టియే.

సోదరీమణులకు ఒక్క మాట. స్వాతంత్ర్యము ఒకరిచ్చెడి వస్త్రము కాదు, కట్టుకొని మురియుటకు. అది కొద్దికొద్దిగా ఆర్జించు పొదుపు వంటిది. ఒక పుట చదువుట, ఒక సంతకము చేయుట, సంతకము పెట్టుమన్న కాగితమున ఏమున్నదో చదువక పెట్టకుండుట, పొదుపు పుస్తకమును సొంత పెట్టెలో దాచుకొనుట, ఇంటి అప్పు ఎంతయో అడుగుట. ఇవి చిన్నవిగా కనబడును. కాని వీనిలో ఒక్కటి చేసిన నాడును, చేయని నాడును ఇంటిలో మాట నడుచు తీరు ఒకటి కాదు. అడుగుట తగవు కాదు. అడుగుట మనిషి లక్షణము.

చందాదారుల రిజిస్టరు వచ్చు సంవత్సరమునకు కొత్తది కట్టింపబడును. అందులో ఎన్ని పుటలు స్త్రీల పేర్లతో నిండునో, అదియే ఈ ఉత్సవమునకు నిజమైన జమ. సాయంకాలము సభ ముగిసి ఇండ్లకు వెళ్లునపుడు ప్రతి చందాదారుడును తన ఇల్లాలిని ఒక్క ప్రశ్న అడుగును గాక: నీకు ఏ పుస్తకము కావలెను? ఆ ప్రశ్న ఇంతవరకు అడుగని ఇండ్లలో దానికి సమాధానము వెంటనే రాకపోవచ్చును. తొందరపెట్టక రేపు మరల అడుగుడు.

స్వస్తి.